ముందు లైటు, వెనక లైటు

ఆసుపత్రి నేలమాళిగలోని లాండ్రీలో ఆ ఇద్దరి పేర్లూ ఎప్పుడూ కలిపే వినబడేవి. ఒకావిడ పొడుగమ్మ. ఆవిరి గొట్టాల కింద నడిచేటప్పుడు తల వంచుకోవాల్సినంత పొడుగు. రెండో ఆవిడ గలగల. నిద్రలో కూడా ఈవిడ నోరు మూతపడదని వాళ్ళాయనే చెప్పేవాడు. అసలు పేర్లు జీతాల గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేవు. వాళ్ళు మాత్రం ఒకరినొకరు 'వదినా' అని పిలుచుకునేవారు. నిజానికి చుట్టరికం ఏమీ లేదు. పనిలో చేరిన కొత్తలో ఎవరో వేళాకోళానికి కలిపిన వరస అలా నిలిచిపోయింది.

ఇద్దరి పనీ పక్కదుప్పట్లు మడతపెట్టడం. ఇస్త్రీ రోలరు నుంచి దుప్పటి పొగలు కక్కుతూ బయటికి వస్తుంది. చెరో రెండు కొసలూ పట్టుకుని, వెనక్కి జరిగి, ఒక్కసారి గట్టిగా లాగి దులపాలి. తర్వాత ఒకరికొకరు ఎదురొచ్చి కొసలు కలపాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. ఇన్నేళ్ళలో అది ఎంత అలవాటైపోయిందంటే గలగల తన కబుర్ల మీద తనుండేది, పొడుగమ్మ ఊ కొడుతూ నవ్వుతూ ఉండేది, చేతులు వాటంతట అవే కలిసి విడిపోతుండేవి.

ఒకసారి పొడుగమ్మకి కడుపు పోయి ఇంట్లో పడుకుంది. సెలవులు అప్పటికే అయిపోయాయి. ఆ వారమంతా గలగల దుప్పటి రెండు కొసలూ కిటికీ ఊచలకి ముడివేసి, రెండోవైపు తను పట్టుకుని, ఒక్కతే ఇద్దరి పనీ లాక్కొచ్చింది. ఎవరైనా అడిగితే, "మా వదిన ఇప్పుడే అటు వెళ్ళింది" అనేది. పొడుగమ్మ ఆ సంగతి ఎన్నడూ మరచిపోలేదు. తోడబుట్టిన వాళ్ళు కూడా అంత చెయ్యరని భర్తతో ఎన్నోసార్లు అంది.

ఆ ఏడు ఎండలు తగ్గుముఖం పట్టే వేళకి లాండ్రీని అక్కణ్ణించి ఎత్తేస్తున్నారన్న కబురు పుట్టింది. సూపర్‌వైజరు ఒక మధ్యాహ్నం అందర్నీ పిలిచి ఆ మాట ఖాయం చేశాడు. ఊరి బయట, వంతెన దాటాక, గోదాముల వెనక కొత్త షెడ్డు కట్టారు. పెద్ద యంత్రాలు వచ్చాయి. పై నెల నుంచి పనంతా అక్కడే. బస్సు వంతెన దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణించి షెడ్డు దాకా ఎవరి తిప్పలు వాళ్ళవి.

"నడిస్తే చెప్పులరిగిపోతాయి" అంది గలగల, ఆ సాయంత్రం గేటు దగ్గర. "సైకిళ్ళు కొనుక్కుందాం వదినా. ఇద్దరం పక్కపక్కన తొక్కుకుంటూ పోదాం. నువ్వు చిన్నప్పుడు తొక్కేదాన్నన్నావుగా."

"అది ఎప్పటి మాట. ఇప్పుడెక్కితే జనం నవ్వరూ?"

"నీ పొడుక్కి సైకిలెక్కితే జనం తలెత్తి చూడాలి. మెడలు నొప్పులొచ్చి నవ్వడం మానేస్తారు." గలగల ఆమె మోచేతిని పొడిచింది. "ముందు నువ్వు కొను. మా ఆయన లారీ ట్రిప్పు నుంచి రాగానే నాదీ కొనిపిస్తాను. నువ్వు తొక్కడం చూస్తే నాకూ ధైర్యం వస్తుంది."

పొడుగమ్మకి లోపల్లోపల ఆశ పుట్టింది. ఆ నేలమాళిగలో ఊపిరాడటం లేదనీ, కాస్త గాలి తగిలే చోట పనిచేస్తే బాగుండుననీ ఆమె ఒకప్పుడు గలగలతో అని ఉంది. ఇంకెవరితోనూ అనలేదు. ఇంటికి వెళ్ళి భర్తతో చెప్పింది. ఆయన మంగలి. వీధి చివర ఒక కుర్చీ, ఒక అద్దం ఉన్న చిన్న షాపు ఆయనది. ఎవరి తల మీద చెయ్యి వేసినా జోకు వెయ్యకుండా ఉండలేడు.

"కొనుక్కో. నీ వెనక కూర్చుని నేనూ ఊరు చూస్తాను" అన్నాడు.

కొంది. నీలం రంగుది. పైన అడ్డ కడ్డీ లేని ఆడవాళ్ళ సైకిలు. షాపువాడు సీటుని ఎంత పైకి లేపగలడో అంతా లేపి, "ఇంక లేవదండీ" అన్నాడు. నాలుగు వీధులు తిరిగేసరికి కాళ్ళకి పాత విద్య గుర్తొచ్చింది. మలుపు దగ్గర చీపురు పట్టుకున్న ఒక ముసలాయన్ని గుద్దబోయి ఆగింది. ఆయన తిట్టలేదు. "బెల్లు పెట్టించుకో తల్లీ" అన్నాడు.

బెల్లొక్కటే కాదు, ఆ సైకిలుకి ఇంకేమీ లేవు. చక్రాలు, సీటు, హ్యాండిలు, బ్రేకులు, అంతే. మిగతావి విడిగా కొనుక్కోవాలి. గలగలకి ఆ మాట చెప్పగానే, "నేనొస్తాను. నిన్నొక్కదాన్నీ పంపిస్తే అక్కరలేనివన్నీ అంటగడతారు" అంది.

సెలవు రోజు పొద్దున ఇద్దరూ సైకిలుని నడిపించుకుంటూ బజారులోని సామాన్ల షాపుకి వెళ్ళారు. ఇరుకు షాపు. కప్పు నుంచి టైర్లు వేలాడుతున్నాయి. గోడకి మేకుల మీద బెల్లులు, అద్దాలు, రంగురంగుల కుచ్చులు. దళసరి కళ్ళద్దాల షాపాయన సైకిలుని ఒకసారి చుట్టి చూసి, పెళ్ళిచూపులకి వచ్చిన పిల్లని చూసినట్టు సంతోషపడ్డాడు.

"మంచి బండి. దీనికి ఈ కుచ్చులు పెడితే ఎలా ఉంటుందో చూడండి. ఇదిగో ఇది మీటరు, ఎంత వేగం పోతున్నారో చూపిస్తుంది."

"అవన్నీ పక్కన పెట్టండి" అంది గలగల. "మేం గుర్రప్పందేలకి వెళ్ళడం లేదు. ఇవి లేకపోతే బండి రోడ్డెక్కకూడదు అనేవి చూపించండి చాలు."

షాపాయన కొంచెం చిన్నబుచ్చుకుని మడ్‌గార్డులు తీశాడు. వాన నీళ్ళు వీపు మీదికి చిమ్మకుండా ఉండాలంటే వెనకది పొడుగ్గా ఉండాలన్నాడు. రేకువి, ప్లాస్టిక్‌వి రెండూ ఉన్నాయి. రేకువి గలగలమంటాయని చెప్పాడు. "అయితే వద్దు, ఆ పనికి నేనున్నాను" అంది గలగల. పొడుగమ్మ నవ్వింది. ప్లాస్టిక్‌వి తీసుకున్నారు. తర్వాత స్టాండు. ఒంటికాలిది తేలిక, రెండు కాళ్ళది నిలకడ. నిలకడదే తీసుకున్నారు.

పొడుగమ్మ మనసు మాత్రం ఒక బుట్ట మీద పడింది. హ్యాండిలు ముందు తగిలించే తీగ బుట్ట. అన్నం క్యారేజీ, నీళ్ళ సీసా, వచ్చేటప్పుడు కూరలు, అన్నీ కళ్ళ ముందే పెట్టుకుని పోవచ్చు. దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసుకుంది.

"బుట్ట పెడితే లైటు ఎక్కడ పెడతావ్?" అంది గలగల.

"లైటెందుకు వదినా? మనది పగటి పని. పొద్దెక్కాక వెళ్తాం, పొద్దుండగానే వస్తాం."

"లైటు లేకుండా బండేంటి. ఎప్పుడు ఏం అవసరమో ఎవరికి తెలుసు." గలగల ఆ బుట్టని ఆమె చేతిలోంచి తీసి మేకుకి తగిలించేసింది. "క్యారేజీ వెనక పెట్టుకోవచ్చు, స్ప్రింగు పట్టీ ఉన్న క్యారియర్ తీసుకుందాం. ముందు లైటు చూడు."

లైట్లలో రెండు రకాలున్నాయి. బ్యాటరీది చిన్నది, అందంగా ఉంది. డైనమోది బరువు. టైరుకి ఆనుకుని తిరుగుతుంది కాబట్టి తొక్కడం కాస్త బరువవుతుంది. పొడుగమ్మ చిన్నదాని వైపు చెయ్యి చాపింది.

"అది వద్దు. ఛార్జింగు పెట్టడం ఒక్కరోజు మర్చిపోతే చాలు, చీకట్లో నిలబడిపోతావ్. ఇదైతే తొక్కినంతసేపూ వెలుగుతుంది."

"మరి ఆగినప్పుడో?" అన్నాడు షాపాయన, అమ్మేవాడే అయినా ఉన్నమాట దాచకుండా. "ఆగితే ఆరిపోతుంది. వెనక నుంచి లారీ వస్తే కనబడరు."

"అయితే వెనకదానికి బ్యాటరీ ఎర్ర లైటు ఇవ్వండి. పెడల్స్‌కి కూడా ఆ మెరిసే బిళ్ళలు పెట్టండి." గలగల ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు అప్పుడు లేదు. ఒక్కో వస్తువునీ వేలితో తట్టి చూస్తోంది, ముడి సరిగా ఉందో లేదో చూసే మనిషిలా. "తాళాలు చూపించండి. చక్రానికి వేసే రింగు తాళం, స్తంభానికి కట్టే గొలుసు తాళం, రెండూ."

"రెండెందుకు?"

"అక్కడ వాచ్‌మన్ పొద్దెక్కితే గానీ రాడట."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరో అన్నారులే" అని గలగల పంపుల వైపు తిరిగింది. సీటు కింద కడ్డీకి బిగించే చిన్న పంపు, పంచరు వేసుకునే డబ్బా. అందులో రబ్బరు ముక్కలు, జిగురు, గరుకు కాగితం, టైరు ఎత్తే రేకులు. షాపాయన చేత ఒక పాత ట్యూబు మీద ఎలా వెయ్యాలో చేయించింది. పొడుగమ్మ చేత కూడా వేయించింది.

"ఇదంతా నేను నేర్చుకోవాలా? పంచరైతే నువ్వుంటావుగా, ఇద్దరం నడిపించుకుంటూ పోతాం."

గలగల డబ్బా మూత నొక్కి పెట్టింది. "నేర్చుకుంటే పోయేదేముంది" అంది.

హెల్మెట్ దగ్గర మళ్ళీ మామూలు మనిషైంది. తను ముందు పెట్టుకుని అద్దంలో చూసుకుని, బోర్లించిన గిన్నెలా ఉందని నవ్వింది. తర్వాత పొడుగమ్మ గడ్డం కింద పట్టీ తనే సరిచేసి, రెండు వేళ్ళు దూరేంత వదులుంచి బిగించింది. "మీరు కూడా తీసేసుకోండి, రెండు బళ్ళకి కలిపి తగ్గించి ఇస్తాను" అన్నాడు షాపాయన.

"నాది వచ్చాక చూద్దాంలెండి."

అన్నీ అయ్యాక బెల్లు మాత్రం గలగల తన డబ్బుతో కొంది. ఇత్తడిది, గుండ్రంగా, పాతకాలపుది. పొడుగమ్మ వద్దంటున్నా వినలేదు. "ఇది నా గుర్తుగా ఉండనీ" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొడుగమ్మకి అది మరీ వింతగా అనిపించింది, బెల్లు కొని ఏడ్చేవాళ్ళుంటారా అని. ఇంటికి తెచ్చి భర్తకి చూపించినప్పుడు ఆయన సైకిలు చుట్టూ తిరిగి, "మా వాళ్ళు నీకు పెళ్ళిలో కూడా ఇన్ని పెట్టలేదే" అన్నాడు. "వదిన దగ్గరుండి పెట్టించింది" అంది ఆమె గొప్పగా.

ఆ మర్నాడే కాదు, ఆ వారమంతా పొడుగమ్మ సైకిలు మీదే పనికి వచ్చింది. గలగల భర్త ట్రిప్పు నుంచి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. సైకిలు మాట ఎత్తితే, "రంగు దొరకలేదు వదినా" అనేది.

షెడ్డుకి మారే రోజు దగ్గర పడుతుండగా సూపర్‌వైజరు పొడుగమ్మని తన గదికి పిలిచాడు. ఆయన మెత్తని మనిషి. ఎవరికైనా కష్టమైన మాట చెప్పాల్సొస్తే ముందు నీళ్ళు తాగుతాడు. ఆ రోజు నీళ్ళు తాగలేదు. నవ్వుతూనే చెప్పాడు.

"అక్కడ మీది తెల్లవారుజాము షిఫ్టమ్మా. ఆసుపత్రికి పొద్దున్నే ఉతికిన బట్టలు అందాలి కదా, చీకటుండగానే పని మొదలవుతుంది. మీకు సైకిలుంది, ఫరవాలేదు."

"మా వదినకి కూడా అదే షిఫ్టా సార్?"

ఆయన నవ్వు కొంచెం తగ్గింది. "ఆవిడ ఇక్కడే ఉంటుంది కదా. చిరిగిన దుప్పట్లు కుట్టే గది ఇక్కడే ఉంచుతున్నారు. ఒక్కరికే చోటు. మీ ఇద్దరిలో ఒకరిని అనుకున్నాం, కుట్టు మీ ఇద్దరికే వచ్చు. మీరే వద్దన్నారట కదా."

"నేనెప్పుడు వద్దన్నాను?"

"ఆవిడ చెప్పింది. మీకు ఈ నేలమాళిగలో ఊపిరాడటం లేదనీ, గాలి తగిలే చోటు కావాలన్నారనీ. సైకిలు కూడా కొనుక్కుంటున్నారనీ. మిమ్మల్ని కూడా ఒక మాట అడగాల్సింది. కానీ మీరిద్దరూ ఒకటేగా అని ఊరుకున్నాను."

పొడుగమ్మ కుర్చీ వీపు పట్టుకుంది. "ఎప్పుడు చెప్పింది సార్ ఈ మాట?"

"షెడ్డు సంగతి నేను మీ అందరికీ చెప్పాను చూడండి, ఆ రోజు మధ్యాహ్నమే వచ్చింది. షిఫ్టు వేళలు కూడా అప్పుడే అడిగి తెలుసుకుంది."

ఆ రోజు మధ్యాహ్నం. అంటే గేటు దగ్గర, సైకిళ్ళు కొందాం వదినా అనక ముందే. పొడుగమ్మకి సైకిలు ఆలోచన పుట్టక ముందే ఆమె సైకిలు కొనుక్కుంటోందని ఇక్కడ చెప్పి వెళ్ళింది. పక్కపక్కన తొక్కుకుంటూ పోదాం అన్న మాట ఆ తర్వాతది. ముందు లైటు, వెనక లైటు, రెండు తాళాలు, పంచరు డబ్బా. పగటి పనికి వెళ్ళే మనిషికి అవన్నీ ఎందుకో అప్పుడు తెలిసింది. చీకట్లో ఒక్కతే వెళ్ళబోయే మనిషికని తెలిసే ఒక్కొక్కటీ ఏరి ఏరి కొనిపించింది. ఎర్ర లైటు వెలుగుతోందో లేదో చెయ్యి అడ్డుపెట్టి మరీ చూసింది.

ఆమె గదిలోంచి వచ్చి తన చోట నిలబడింది. రోలరు నుంచి దుప్పటి వచ్చింది. ఇద్దరూ కొసలు పట్టుకున్నారు. గలగల ఎవరిదో కోడలి సంగతి చెబుతోంది. దులిపారు. ఎదురెదురుగా వచ్చారు. చేతులు కలిసిన చోట పొడుగమ్మ కొసలు వదల్లేదు.

"డైనమో లైటు ఎందుకు కొనిపించావ్?"

గలగల మాట మధ్యలో ఆగిపోయింది. యంత్రాల హోరులో కూడా ఆమె ఆగిపోవడం వినబడింది.

"సార్ చెప్పాడా?"

"లైటు ఎందుకని అడుగుతున్నాను."

"చీకటి కదా వదినా" అంది గలగల. "గోదాముల రోడ్డులో దీపాలు కూడా లేవట. నీకేమైనా అయితే నేను తట్టుకోగలనా."

"ఇంత ఆలోచించిన దానివి, నాకొక మాట చెప్పాలని తోచలేదా?"

"మంచం పట్టిన మా మామగారి సంగతి నీకు తెలుసుగా. మధ్యాహ్నం వెళ్ళి ఆయనకి ఇంజెక్షన్ చెయ్యాలి. మా ఆయన నెలకి ఇరవై రోజులు రోడ్ల మీదే. షెడ్డుకి వెళ్తే మామగారినెవరు చూస్తారు? ఇక్కణ్ణించైతే ఇల్లు పది అడుగులు."

"తెలుసు. ఆ ముక్క నాతో అనుంటే ఆ చోటు నేనే నీకు వదిలేసేదాన్ని."

"వదిలేస్తావని తెలుసు" అంది గలగల. ఆమె ఏడవడం లేదు. ఏదో చాలాకాలంగా మోస్తున్నది కింద పెట్టినట్టుంది. "అందుకే అడగలేదు. నువ్విస్తే నేను పుచ్చుకోవాలి. రోజూ నువ్వు చీకట్లో వెళ్తుంటే, మా వదిన నాకోసం వెళ్తోంది అనుకుంటూ బతకాలి. నువ్వే కావాలని వెళ్తున్నావనుకుంటే నాకు అంత బరువుండదు."

పొడుగమ్మ ఆమె మొహం వైపే చూసింది. ఇన్నేళ్ళుగా చూసిన మొహమే. కొత్త మనిషి కాదు. అదే ఆమెకి భరించరానిదిగా ఉంది.

"నాతో రా" అంది చివరికి. "సార్ దగ్గర నిజం చెప్పు. నేనేమీ వద్దనలేదని, నువ్వు కల్పించావని ఒక్క మాట చెప్పు. చెప్పిన మరుక్షణం ఆ చోటు నీకే ఇమ్మని నేనే అడుగుతాను. నాకు చోటు అక్కర్లేదు."

గలగల దుప్పటి కొసలవైపు చూసింది. తర్వాత తలూపింది. "సరే. రేపు పొద్దున వెళ్దాం."

ఆ సాయంత్రం భర్త కత్తెరలు తుడుచుకుంటూ అంతా విన్నాడు. జోకేమీ వెయ్యలేదు. "చెప్తుందంటావా?" అని మాత్రం అడిగాడు.

"చెప్తుంది. తప్పు చేసిందే గానీ అబద్ధాల మనిషి కాదు."

మర్నాడు పొద్దున ఇద్దరూ వెళ్ళారు. సూపర్‌వైజరు ఎదుట పొడుగమ్మే మొదలుపెట్టింది. "సార్, మా వదిన మీకొక మాట చెప్పాలట."

ఆయన ఈసారి నీళ్ళు తాగాడు. గలగల చీర కొంగు చివర్ని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది.

"ఏం లేదు సార్" అంది. "వదినకి తెల్లవారుజాము షిఫ్టని బెంగగా ఉందట. నేను ఇక్కడుంటున్నానని కాస్త కష్టంగా ఉన్నట్టుంది. అంతకన్నా ఏం లేదు." ఆ మీదట పొడుగమ్మ వైపు తిరిగింది గానీ కళ్ళు మెడ దగ్గరే ఆగిపోయాయి. "ఆ రోజు నువ్వే అన్నావుగా వదినా, గాలి తగిలే చోటు కావాలని."

సూపర్‌వైజరు తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "అంతేనా. నేనేదో అనుకున్నాను. కొత్తలో అలాగే ఉంటుందమ్మా, అలవాటైపోతుంది. మీ పొడుక్కి ఆ షెడ్డే మేలు, కప్పు ఎత్తు."

అనలేదని అనడానికి లేదు. ఆ మాట అన్నది నిజమే. ఎప్పుడన్నదో, ఎందుకన్నదో, ఎంత నమ్మకంతో అన్నదో ఆయనకి ఎలా చెప్పాలో పొడుగమ్మకి తెలియలేదు. నోరు తెరిస్తే చోటు కోసం కొట్లాడే ఆడదానిలా ఉంటుంది. "అవును సార్" అని బయటికి వచ్చేసింది. వెనక నుంచి "వదినా, వదినా" అని పిలుపు వినబడింది. ఆగలేదు. ఆ రోజు దుప్పటి రెండో కొస పట్టుకోనని చెప్పి దిండు గలీబుల బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. గలీబులకి జత అక్కర్లేదు.

ఇంట్లో భర్తకి కోపం ఆగలేదు. వెళ్ళి నలుగురిలో అడిగేస్తానన్నాడు. ఆమె ఆపింది. "అడిగితే ఏమంటుంది? ఇంకో అబద్ధం చెప్తుంది. అది కూడా నేను వినాలా?" అంది. చోటు పోయినందుకు ఆమెకి నిజంగానే బాధ లేదు. నిన్న తలూపి, ఈ రోజు కళ్ళు మెడ దగ్గర ఆపిందే, అది మాత్రం మింగుడుపడలేదు. మొదటి మోసానికి అవసరం ఉంది. రెండోదానికి ఏమీ లేదు. నిజం చెప్పినా ఆ చోటు గలగలదే అయ్యుండేది.

షెడ్డుకి మారాక పొడుగమ్మ చీకటుండగానే లేవడం అలవాటు చేసుకుంది. మొదటి రోజులు గోదాముల రోడ్డులో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కింది. ముందు లైటు పసుపుపచ్చగా రోడ్డు మీద చాప పరిచినంత మేర వెలుగు పరిచేది. ఆ వెలుగులో గుంతలు కనబడేవి, అడ్డం పడుకున్న కుక్కలు కనబడేవి. వెనక నుంచి వచ్చే లారీలు ఎర్ర లైటు చూసి దూరం నుంచే పక్కకి తప్పుకునేవి. మూడో వారంలో పంచరైంది. చుట్టూ మనిషి లేడు. ఎర్ర లైటు ఊడదీసి నోట పట్టుకుని, ఆ వెలుగులో ట్యూబు బయటికి లాగి, గరుకు కాగితంతో రుద్ది, రబ్బరు అతికించి, గాలి కొట్టింది. తనకి ఆ విద్య నేర్పించింది ఎవరో చేతులు చెబుతూనే ఉన్నాయి. పని పూర్తయ్యాక రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చింది. తిట్టాలనుకుంటే సైకిలు మీద ఉన్న ప్రతి వస్తువూ అడ్డం వచ్చేది. ఉట్టి చెడ్డదైనా బాగుండేదని అనుకుంది. కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు మిగల్చలేదు ఆవిడ.

ఇత్తడి బెల్లుని మాత్రం ఒక సెలవు రోజు స్క్రూడ్రైవరు పెట్టి తీసేసింది. దాని బదులు మామూలు రేకు బెల్లు పెట్టించుకుంది. తీసినదాన్ని ఏం చెయ్యాలో తెలియక భర్త చేతికిచ్చింది. ఆయన షాపులో పెట్టుకోలేదు, పారెయ్యలేదు. ఎక్కడ పెట్టాడో ఆమె అడగలేదు.

షెడ్డులో పని తేలికే. దుప్పట్లని యంత్రమే మడతపెట్టి బయటికి తోస్తుంది. ఎవరితోనూ ఎదురెదురుగా నిలబడక్కర్లేదు. పక్క బల్ల దగ్గర పనిచేసే ఒక విధవావిడ మొదట్లో అక్కా అని వరస కలపబోయింది. పొడుగమ్మ మర్యాదగానే ఉంది గానీ తిరిగి ఏ వరసా కలపలేదు.

వానలు మొదలయ్యాక ఒక సెలవు రోజు సాయంత్రం గలగల వాళ్ళింటికి వచ్చింది. చిక్కిపోయింది. గుమ్మంలో గొడుగు మూసి నిలబడి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూసింది.

"రండి, లోపలికి రండి" అంది పొడుగమ్మ.

గలగల ఆ మాటకి ఉలిక్కిపడ్డట్టు ఆగింది. తర్వాత లోపలికి వచ్చి కూర్చుంది. పొడుగమ్మ టీ పెట్టి ఇచ్చింది. మామగారు పోయారని గలగల చెప్పింది. చివరి రోజుల్లో తను దగ్గరుండగలిగానని అంది. కుట్టు గదిలో రోజంతా ఒక్కతే ఉంటుందట. గోడలతో మాట్లాడుకుంటున్నానని నవ్వబోయింది, నవ్వు రాలేదు.

"పెద్దాయన పోయారని విని కష్టంగా ఉందండీ" అంది పొడుగమ్మ. "ఆయన బాధపడకుండా వెళ్ళారా?"

"అండీ అంటున్నావేంటి వదినా." గలగల కప్పు కింద పెట్టింది. "తిట్టు. నాలుగు దెబ్బలు కొట్టు. నేనే చెప్తున్నాను, సార్ ఎదుట అలా ఎందుకన్నానో నాకే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. ఆ రాత్రంతా చెప్తాననే అనుకున్నాను. కావాలంటే రేపే వెళ్ళి చెప్తాను."

"ఇప్పుడెందుకండీ. మీకు టీలో చక్కెర సరిపోయిందా?"

గలగల ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. అక్కడ కోపం ఉంటుందని వచ్చినట్టుంది. కోపమైతే కరిగించుకోవచ్చు. ఈ మర్యాదని ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు. సరిపోయిందని తలూపింది. మిగిలిన టీ తాగింది. ఇంకేవో రెండు మాటలు, వాన గురించి, ఆసుపత్రిలో ఎవరికో కొడుకు పుట్టడం గురించి చెప్పింది. పొడుగమ్మ అన్నిటికీ సరైన జవాబే ఇచ్చింది. వెళ్తానని లేచినప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

"జాగ్రత్తగా వెళ్ళండి, వీధి చివర నీళ్ళు నిలబడ్డాయి" అంది.

లోపలికి వచ్చాక భర్త ఆమె వైపు చూశాడు. ఆమె ఖాళీ కప్పులు తీసుకెళ్ళి కడిగింది. ఒక కప్పుని కడిగిందే మళ్ళీ కడిగింది. తర్వాత చేతులు తుడుచుకుని, మర్నాడు చీకటుండగానే లేవాలి కాబట్టి, మంచం మీద పక్క పరుచుకుంది. దుప్పటి ఒక కొస భర్త పట్టుకోబోతే, "వద్దు, నేను చేసుకుంటాను" అంది.